మోటుపల్లి రేవు ఆట: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ అవే డౌట్లు, గ్రూపులో అవే జవాబులు టైపు చేయడం. అందుకని అన్నీ ఒకచోట పెట్టేశాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## చేరే ముందు

అసలిది ఏం ఆట? ఫోన్లో ఆడేదా, బోర్డు ఉంటుందా?

ఫోనూ లేదు, బోర్డూ లేదు. అయిదారుగురు చాప మీద గుండ్రంగా కూర్చుంటాం, ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. కాలం 1245, కాకతీయ గణపతిదేవుడి రాజ్యం, చోటు మోటుపల్లి రేవు. మీరు ఇంకా చదువు పూర్తికాని మంత్రవిద్యార్థులు. సముద్రపు దొంగలు వస్తున్నారని కబురు వచ్చింది, గురువుగారు శ్రీశైలం వెళ్లారు, ఇప్పట్లో రారు. ఇక మీరేం చేస్తారో మీ ఇష్టం. "నేను పడవ కిందికి ఈదుకుంటూ వెళ్తా" అని మీరంటే, అది కుదిరిందో లేదో గవ్వలు వేసి తేలుస్తాం. ఒక ఆదివారం ఒక ఘట్టం. మొత్తం కథ ఒక ఓడల సీజన్.

నాకు చరిత్ర అస్సలు రాదు. ఆడగలనా?

నిక్షేపంలా ఆడొచ్చు. కావలసినంత చరిత్ర కథ నడిపేవాళ్లే చెప్తారు. అన్నీ తెలిసినవాళ్లతోనే కొంచెం ఇబ్బంది, ప్రతి దానికీ "అలా ఉండేది కాదండీ" అని ఆట ఆపేస్తారు.

ఎక్కడ ఆడతారు? గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి కుదురుతుందా?

బెజవాడ సత్యనారాయణపురంలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద. గుంటూరు వాళ్లు చాలామంది రైల్లోనో బస్సులోనో వచ్చి సాయంత్రానికల్లా ఇంటికి చేరిపోతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం ఆట లేదు. బెజవాడ ఎండకి మేడ మీద కూర్చుంటే దొంగలతో పనిలేకుండానే పోతాం, ఆ రెండు నెలలూ సాయంత్రం అయిదు తర్వాతే.

మంత్రాలంటే మా ఇంట్లో భయపడుతున్నారు. చేతబడి, బాణామతి లాంటివి ఉంటాయా?

ఉండవు. ముగ్గులు, నిమ్మకాయలు, శ్మశానాలు ఏవీ లేవు. ఆటలో ఉన్న శక్తులన్నీ అష్టసిద్ధుల నుంచి తీసుకున్నవే. అణిమ (చిన్నగా మారడం), మహిమ (పెద్దగా పెరగడం), గరిమ (బరువు పెంచడం), లఘిమ (తేలిక చేయడం), ప్రాప్తి, ప్రాకామ్యం, ఈశిత్వం, వశిత్వం. హనుమంతుడు చిన్నవాడై లంకలో దూరాడు, పెద్దవాడై సముద్రం దాటాడు అని చిన్నప్పటి నుంచీ వింటున్నవే. మీ అమ్మగారికి ఈ ముక్క చెప్పండి, చాలామంది ఇళ్లల్లో ఇక్కడితో పేచీ తీరిపోయింది. మంత్రం పైకి చదవడం కూడా ఉండదు, "గరిమ వాడుతున్నా" అంటే చాలు.

మా అబ్బాయికి పదకొండేళ్లు, తీసుకురావచ్చా?

తీసుకురండి, మీరూ కూర్చోండి. పిల్లల్ని దింపేసి వెళ్లిపోతే కుదరదు.

## పాత్ర తయారు చేసుకునేటప్పుడు

మొదట్లో నాకు ఎన్ని శక్తులు ఉంటాయి?

ఒక్కటే, అదీ మొదటి మెట్టులోనే. లఘిమ తీసుకున్నారనుకోండి, మొదటి మెట్టులో ఒక తెడ్డునో కొబ్బరికాయల గంపనో తేలిక చేయగలరు, అంతే. రెండో మెట్టులో ఒక మనిషిని, మూడో మెట్టులో నిండు పడవని, నాలుగో మెట్టులో ఓడని. నాలుగో మెట్టుకి చేరినవాళ్లు మా ఆటల్లో అరుదు, చేరకపోయినా కథ చక్కగానే నడుస్తుంది.

ఇక్కడ అందరూ మర్చిపోయే రూలు ఒకటుంది. మీరు తీసేసిన బరువు ఎక్కడికీ మాయమైపోదు, శక్తి వాడినంతసేపూ మీ ఒంటి మీద ఉంటుంది. పడవని తేలిక చేసిన కుర్రాడు ఒడ్డున ఇసుకలో మోకాళ్ల దాకా కూరుకుపోతాడు. వాణ్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి, అందుకే ఒంటరి వీరులు ఈ ఆటలో ఎక్కువసేపు నిలవరు.

ఏ సిద్ధి తీసుకుంటే బెస్టు?

అందరూ మొదట మహిమ అడుగుతారు, కొండంత పెరిగి ఓడని కాలితో తన్నొచ్చని. మొదటి మెట్టు మహిమతో మీరు పెరిగేది జానెడు. నా మటుకు నేను గరిమ అంటాను. ఇది మెల్లగా పనిచేసే శక్తి, చూడటానికి ఏమీ ఉండదు, కానీ ఈ తీరంలో నీళ్లు లోతు తక్కువ, అడుగున ఇసుక. ఓడ ఒక మూర కిందికి దిగితే చాలు, ఇసుక తిన్నె పట్టేస్తుంది. అణిమ ఉన్నవాళ్లు వేగులవాళ్లుగా బాగా పనికొస్తారు. ప్రాప్తి అంటే దూరంగా ఉన్నదాన్ని అందుకోవడం, మా ఆటలో ఒక అమ్మాయి దాంతో దొంగల ఓడ మీది నుంచి మంచినీళ్ల కుండలు ఒక్కొక్కటే లాగేసింది, మూడోరోజుకి వాళ్లే రాయబారం పంపారు. వశిత్వం మాత్రం మొదటిసారి ఆడేవాళ్లకి ఇవ్వం. ఎదుటివాడి మనసు మార్చేసే శక్తి ఉంటే ఆట అయిదు నిమిషాల్లో అయిపోతుంది, పైగా అది చూస్తుంటే ఎవరికీ బాగుండదు.

శక్తి పెరగాలంటే ఎంతమందిని చంపాలి?

ఎవర్నీ చంపక్కర్లేదు, దానికి పాయింట్లు లేవు. ఆ పూట రేవులో మనుషుల దగ్గర మీ పాత్ర కొత్తగా ఏదైనా నేర్చుకుందా అన్నదే లెక్క. వల విసిరే ముసలాయన దగ్గర ఇసుక తిన్నెలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకున్నారా, సుంకం వసూలు చేసే కరణం దగ్గర ఏ ఓడలో ఏముందో తెలుసుకున్నారా. చివర్లో మిగతా ఆటగాళ్లు ఓటు వేస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకి ఒక మెట్టు.

గవ్వలు ఎలా లెక్కపెట్టాలి?

అష్టాచెమ్మా ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు. నాలుగు గవ్వలు వేస్తారు, నోరు పైకి పడ్డవి లెక్క. నాలుగూ పైకి పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. మామూలు పనికి రెండు గానీ ఆపైన గానీ పడాలి, కష్టమైన పనికి మూడు గానీ ఆపైన గానీ. అష్ట పడితే పని అయిపోతుంది, కానీ శక్తి మీ చెయ్యి దాటిపోతుంది, పక్కవాళ్లు జాగ్రత్త.

గవ్వలు దొరక్కపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు చాలు. రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే మొత్తం పదహారు రకాలుగా పడొచ్చు, అందులో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు, చెమ్మ ఒకటి, అష్ట ఒకటి. అంటే మామూలు పని నాలుగింట మూడుసార్లు కుదురుతుంది, కష్టమైన పని పదహారింట ఆరుసార్లే. గవ్వలు ఇంత బుద్ధిగా ఉండవు, ఒక్కో గవ్వకి ఒక్కో అలవాటు. ఇంటి నుంచి సొంత గవ్వలు తెచ్చుకునేవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి.

మాది గుంటూరు. దొంగల కళ్లల్లో కారం కొట్టొచ్చా?

ప్రతి గుంటూరు బ్యాచ్ ఈ ప్రశ్న అడుగుతుంది, అడక్కపోతే నాకే వెలితిగా ఉంటుంది. కుదరదండీ. మిరప అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట, పోర్చుగీసువాళ్లు ఈ దేశానికి వచ్చిందే 1498లో. మన కథ 1245. అప్పటికి గుంటూరులో ఘాటంటే మిరియాలే. మిరియాల పొడి కొట్టొచ్చు, కానీ అది వర్తకుడి సరుకు, ఖరీదు ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. పొడి సున్నం వాడుకోండి, చవక.

## రేవు గురించి

మోటుపల్లి నిజంగా ఉందా, మీరు కల్పించారా?

నిజంగా ఉంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పేరున్న రేవు. 1244–45లో గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు, దాన్నే మోటుపల్లి అభయ శాసనం అంటారు. రుద్రమదేవి కాలంలోనూ రేవు నడిచింది, మార్కోపోలో ఈ రాజ్యాన్ని "ముత్ఫిలి" అని రాసి, ఇక్కడి వజ్రాల గురించీ, సాలెగూడులా ఉండే సన్నటి బట్టల గురించీ, రాజ్యమేలుతున్న రాణి గురించీ చెప్పాడు. కాకతీయుల తర్వాత 1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా ఇక్కడి వర్తకులకి శాసనం ఇచ్చాడు. కాబట్టి ఊరు, రాజు, శాసనం నిజం. మంత్రవిద్యార్థులు, వాళ్ల గురువు, దొంగల దాడి మాత్రం మా కల్పన.

ఆ శాసనంలో ఏముంది? ఆటలో ప్రతిసారీ దాన్ని ఎందుకు ఎత్తుతారు?

అంతకుముందు, తుఫానుకి దెబ్బతిని ఈ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లు. ఈ మాట గణపతిదేవుడే శాసనంలో చెప్పుకున్నాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము అని రాయించాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. అంటే ముప్పై మూటల పట్టు దిగితే ఒక మూట రాజుది, ఇరవై తొమ్మిది వర్తకుడివి.

నన్నడిగితే ఆట మొత్తానికి ఇదే కీలకం. నిన్నటిదాకా ఒడ్డున ఉన్న రాజే దొంగ అన్నమాట. ఇప్పుడు ఆయన మాట ఇచ్చాడు, ఆ మాట నమ్మి ఓడలు వస్తున్నాయి. మీరు కాపాడుతున్నది ఆ నమ్మకాన్ని. పాకలు కాలిపోయినా మళ్లీ వేసుకోవచ్చు.

రేవుకి కోటగోడ, ఫిరంగులు ఏమీ లేవేంటి?

అప్పటికి మన దగ్గర ఫిరంగులు లేవు. సినిమాల్లో చూసే రాతి గట్లూ, లోతైన రేవూ కూడా ఊహించుకోకండి, ఇది తిన్నగా ఉండే ఇసుక తీరం. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటాయి, చిన్న పడవలు అలలు దాటి వెళ్లి సరుకు దింపుకొస్తాయి. ఈ కోస్తాలో అలల మీద తిరిగే పడవలకి మేకులు కొట్టేవాళ్లు కాదు, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. అల ఎత్తి కొడితే మేకు కొట్టిన పడవ విరుగుతుంది, కుట్టిన పడవ కాస్త వంగి మళ్లీ నిలబడుతుంది.

దీనివల్ల ఆటలో రెండు జరుగుతాయి. దొంగలకి కూడా ఒడ్డుకి రావాలంటే చిన్న పడవలే గతి, అక్కడ వాళ్లని ఆపొచ్చు. రెండోది, లంగరు వేసిన వర్తకుల ఓడలు ఒడ్డుకి దూరంగా దిక్కులేకుండా ఉంటాయి, అక్కడికి మీ మొదటి మెట్టు శక్తి అందదు. కుట్టు తాడుని అణిమతో లోపలికి దూరి కోయడం అందరికీ తట్టే ఎత్తే. అదే ఎత్తు దొంగలకీ తెలుసు.

వర్తకులకి సొంత బంట్లు ఉండాలి కదా, పిల్లలు ఎందుకు పోరాడాలి?

మంచి ప్రశ్న. నానాదేశి పెక్కండ్రు లాంటి వర్తక సంఘాలు ఆయుధాలు పట్టినవాళ్లని వెంటబెట్టుకుని తిరిగేవి, అది నిజమే. కథలో వాళ్లు లోపలి ఊళ్ల సంతకి ఎడ్లబండ్లతో వెళ్లారని పెట్టాం. మీరు తెలివిగా ఉంటే మూడో ఘట్టానికల్లా వాళ్లకి కబురు పంపొచ్చు. చాలామంది ఆటగాళ్లకి ఆ ఆలోచనే రాదు, మంత్రం చేతిలో ఉంటే కాగితం కలం గుర్తురావు మరి. క్షమించాలి, తాటాకు గంటం.

## దొంగలు వచ్చాక

దొంగలు ఎక్కడివాళ్లు? ఒంటికన్ను, చిలక, పుర్రె జెండా ఉంటాయా?

చిలక మన దగ్గర జోస్యం చెప్పేవాళ్ల దగ్గరే ఉంటుంది. మా దొంగల్ని మార్కోపోలో రాసినదాన్ని బట్టి తయారు చేశాం. ఆయన చెప్పింది పడమటి తీరం సంగతి, మలబారు, గుజరాతు దొంగలు. కథ కోసం మేం వాళ్లని తూర్పుకి తెచ్చాం. ఆయన లెక్క ప్రకారం వాళ్లు పెళ్లాం పిల్లలతో సహా ఓడల్లోనే ఎండాకాలమంతా గడిపేవాళ్లు. ఇరవై ముప్పై ఓడలు ఒక వరసలో, ఓడకీ ఓడకీ మధ్య అయిదారు మైళ్లు వదిలి, నూరు మైళ్ల సముద్రాన్ని కాపలా కాసేవి. ఒకరికి వర్తకుల ఓడ కనిపిస్తే పొగో మంటో వేసి సైగ చేస్తారు, మిగతావాళ్లంతా వచ్చి పడతారు. మనుషుల్ని చంపరు. "వెళ్లి మళ్లీ సంపాదించుకో, అదీ మా చేతికే రావచ్చు" అని పంపేస్తారు.

ఇంత చెప్తే మజా పోతుందని మా వాళ్లు గొణుగుతారుగానీ, ఆ పొగ సైగే వాళ్ల బలం, అదే వాళ్ల బలహీనత. నిప్పు ఎవరైనా వెయ్యొచ్చు.

చింతపండు నీళ్లు తాగించే సీను మరీ అతిగా లేదూ?

అది మేం కల్పించింది కాదు. పట్టుబడతామని తెలియగానే వర్తకులు ముత్యాలు, రత్నాలు మింగేసేవాళ్లట. అందుకని గుజరాతు దొంగలు చింతపండుని సముద్రపు నీళ్లలో కలిపి బలవంతంగా పట్టించేవాళ్లని మార్కోపోలోనే రాశాడు. కడుపు మొత్తం ఖాళీ, ముత్యాలు బయటికి. చిన్నపిల్లలు ఉన్న బ్యాచ్‌లో ఆ సీను క్లుప్తంగా దాటేస్తాం. పిల్లలే మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంటారు, అది వేరే విషయం.

మొదటి దాడిలో ఎప్పుడూ ఓడిపోతున్నాం. కావాలనే అలా పెట్టారా?

అవును. మొదటి మెట్టు శక్తులతో గెలవలేరు. ఆ రాత్రి ఎవరి సరుకు పోయింది, ఎవరు ఏడుస్తున్నారు, తెల్లారి రేవులో ఎవరు ఎవరి మీద అరుస్తున్నారు అన్నది చూశాకే రెండో ఘట్టం మొదలవుతుంది.

మాటిమాటికీ "గాలి ఎటు?" అని ఎందుకు అడుగుతారు? టెన్షన్ వస్తోంది.

తెరచాప ఓడలకి గాలే ఇంజను. ఎండ ఎక్కాక, మధ్యాహ్నం పూట, సముద్రం మీది నుంచి నేల మీదికి గాలి వస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక తెల్లవారుజాము దాకా నేల మీది నుంచి సముద్రం వైపు పోతుంది. మత్స్యకారులు తెల్లవారుజామున వేటకి బయల్దేరి పొద్దెక్కాక తిరిగి రావడం ఈ లెక్కనే. దొంగలూ అంతే, రావాలంటే మధ్యాహ్నం గాలి, పారిపోవాలంటే చివరి జాము గాలి. వాళ్లని సాయంత్రం ఇసుకలో చిక్కించగలిగితే రాత్రి గాలి తిరిగేదాకా మీ చేతిలో ఉన్నట్టే. అర్ధరాత్రి చిక్కిస్తే సగంమంది జారుకుంటారు. మంత్రం గురించి తక్కువ, గాలి గురించి ఎక్కువ ఆలోచించిన బ్యాచ్‌లే బాగా ఆడాయి.

మంత్రంతో తుఫానో ఉప్పెనో రప్పించి అందర్నీ ఒకేసారి ముంచేయొచ్చు కదా?

ఈ ఒక్కటీ ఆటలో లేదు, అడగొద్దు. 1977 నవంబర్ 19న దివిసీమలో ఉప్పెన వచ్చి వేలమంది పోయారు. మా చాప మీద కూర్చునేవాళ్లలో ఆ రాత్రి ఇంట్లోవాళ్లని పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలు ఉంటారు, ఉన్నారు కూడా. పైగా ఉప్పెన దొంగల్ని ఒక్కళ్లనే ఏరి ముంచదు. మొదట పోయేది ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లే.

గరిమతో దొంగల ఓడని ఇసుకలో చిక్కించాం. అందులో సరుకంతా మాదేనా?

ప్రతి బ్యాచ్‌లోనూ పెద్ద గొడవ ఇక్కడే. "మేం కష్టపడ్డాం, మాకే" అని ఒకరు, "పేదవాళ్లకి పంచేద్దాం" అని ఒకరు, "రాజుకి పంపాలి" అని ఇంకొకరు. కాస్త ఆగి ఆలోచించండి. ఆ ఓడలో ఉన్నది దొంగ సొంత సరుకు కాదు. అందులో ఏ వర్తకుడివో కర్పూరం డబ్బాలు, ఎవరివో చీనా పట్టు మూటలు, మూట మీద ముద్ర కూడా ఉంటుంది. తీరంలో చిక్కిన ఓడని దోచుకోం అని రాజు రాతి మీద రాయించి ఏడాది కాలేదు. మీరు ఆ మూట విప్పితే పాత రాజులకీ మీకూ తేడా ఏంటి?

మేం తీర్పు చెప్పం, మీరే తేల్చుకోవాలి. కానీ ఫలితం ఉంటుంది. సరుకు దాచుకుంటే మీ శక్తి ఒక మెట్టు పెరుగుతుంది, నిజంగానే, ఆశ చూపించడానికే ఆ రూలు పెట్టాం. వచ్చే ఘట్టంలో మాత్రం రెండు ఓడలు మోటుపల్లి ముందు నుంచే దాటుకుని వేరే రేవుకి వెళ్లిపోతాయి. ముద్రలు చూసి సొంతదారుల్ని వెతికి, ముప్పైలో ఒక వంతు సుంకం మాత్రం తీసుకుని ఇచ్చేస్తే మెట్టు రాదు. ఒక గుంటూరు బ్యాచ్ సొంతదారుడు దొరకని మూటల్ని ఏం చేయాలో తేల్చుకోలేక ఆ పూటంతా వాదించుకుని, చివరికి ఊరి గుడిలో పెట్టి చాటింపు వేయించింది. చాలా బాగా ఆడారు.

దొంగల ఓడలో పిల్లలు కనిపించారు. ఇప్పుడేం చేయాలి?

కుటుంబాలతో తిరిగే దొంగలని ముందే చెప్తాం, అయినా అక్కడికి వచ్చేసరికి అందరూ తెల్లమొహం వేస్తారు. ఇసుకలో చిక్కిన ఓడ ఆటుపోటుకి పగిలిపోవచ్చు. లఘిమ ఉన్నవాళ్లు ఒక్కరే ఉంటే పిల్లల్ని దింపుతారా, పారిపోతున్న నాయకుడి పడవ వెంట పడతారా, గవ్వలు వేసేలోపు చెప్పాలి.

నా పాత్ర చచ్చిపోతే ఇంటికి వెళ్లిపోవాలా?

అక్కర్లేదు. రేవులో ఇంకెవరి పాత్రైనా తీసుకోవచ్చు, పడవ కుట్టేవాడు, కరణం, ఉప్పు మోసేవాళ్లు. శక్తి ఉండదు, అయినా అలా మారినవాళ్లు కొందరు తర్వాతి కథలో మంత్రం వద్దని అదే పాత్ర అడిగి తీసుకున్నారు.

## ఆట అయ్యాక

చివరికి గెలిచామో లేదో ఎలా తెలుస్తుంది?

చివరి ఘట్టంలో పోరాటం ఉండదు. గాలి మారి మళ్లీ ఓడలొచ్చే కాలం. కథ నడిపేవాళ్లు ఒక్కో ఓడ పేరూ చదువుతారు, మీరు ఆ సీజన్లో చేసినదాన్ని బట్టి అది లంగరు వేసిందో, దాటిపోయిందో చెప్తారు. పోయినేడు వచ్చినన్ని వస్తే గెలిచినట్టు. దొంగలందర్నీ తరిమేసి కూడా ఓడిపోయిన బ్యాచ్‌లు ఉన్నాయి, వాళ్లకి ఇప్పటికీ నా మీద కోపమే.

మా ఊళ్లో మేమే ఈ ఆట నడిపించుకోవచ్చా?

హాయిగా నడిపించుకోండి, ఎవర్నీ అడగక్కర్లేదు. మోటుపల్లే అక్కర్లేదు, మచిలీపట్నం, నిజాంపట్నం, కోరంగి, భీమిలి, ఏ రేవైనా సరే. ఆ రేవులో ఏ కాలంలో ఏం దొరికేదో, ఏం దొరకదో మాత్రం చూసుకోండి. మచిలీపట్నంలో 1600ల కథ పెట్టుకుంటే డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చేస్తారు, ఫిరంగులూ వస్తాయి, కళ్లల్లో కొట్టడానికి మిరపకారమూ వస్తుంది.

మోటుపల్లి వెళ్లి చూడొచ్చా? ఏముంది అక్కడ?

చూడొచ్చు. బెజవాడ నుంచి ఒంగోలు వైపు వెళ్లే లైన్లో తెనాలి, బాపట్ల, చీరాల దాటాక చినగంజాం స్టేషను వస్తుంది, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, టికెట్ తీసుకునేముందు చూసుకోండి, లేదంటే చీరాలలో దిగడం మేలు. అభయ శాసనం ఉన్నది వీరభద్రస్వామి గుడి దగ్గర. లిపి తెలుగే అయినా భాష చాలావరకు సంస్కృతం, పాత అక్షరాలు, చూడగానే చదివేస్తాం అనుకోకండి. పొద్దున్నే వెళ్లండి, నీళ్ల బాటిల్ పట్టుకెళ్లండి, చినగంజాం చుట్టుపక్కల ఉప్పు కొఠార్ల మీద ఎండ మామూలుగా ఉండదు.